పంటు మీద పంతం

బెంగళూరు తెలుగువారి ఆత్మగౌరవానికి ప్రతి సంక్రాంతికీ జరుగుతున్న అవమానం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. ఆ అవమానం పేరు పంటు, అంటే కార్లనీ జనాన్నీ గోదావరి దాటించే బల్లకట్టు. మారతహళ్లిలో బయలుదేరి, రాత్రంతా నిద్ర మానుకుని కారు తోలి, అంతర్వేది వెళ్దామని నరసాపురం చేరితే వశిష్ఠ గోదావరి గట్టున రోడ్డు అయిపోతుంది. మ్యాప్‌లో మాత్రం నీళ్ల మీదుగా సఖినేటిపల్లికి చుక్కల గీత. పంటు ఎక్కడని అడిగితే "అవతలొడ్డున ఉందండీ, వచ్చేత్తది" అంటారు. లైవ్ ట్రాకింగ్ లేదు. తలెత్తి చూస్తే కనిపిస్తుందట. ఈ పద్ధతి మనకు అలవాటు లేదు.

బెంగళూరులో సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చోవడం లేదా అని కొందరు వితండవాదం చేస్తారు. అక్కడ ఇంజన్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి ప్రయాణం సాగుతున్నట్టే లెక్క. రేవులో ఇంజన్ ఆపి కారు దిగాలి. దిగితే పక్కనున్న పెద్దాయన "ఏవూరండీ?" అంటాడు. బెంగళూరంటే వదలడు. అసలు ఊరు, ఇంటిపేరు, తాతగారు ఏం చేసేవారు... పంటు వచ్చేలోగా ఆయన మనకు వరసకి బాబాయి అని తేలుతుంది. ఎదురు ఫ్లాట్‌వాళ్ల పేరు కూడా తెలియకుండా ఏళ్ల తరబడి కాపాడుకున్న ప్రైవసీ ఒక్క రేవులో గంగపాలు.

ఎక్కించడం ఇంకో ఘోరం. మన కారుకి సన్‌రూఫ్ ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, చుట్టూ కెమెరాలున్నాయి. లుంగీ ఎగగట్టిన కుర్రాడు వీటిలో దేన్నీ లెక్కచేయడు. "రానీ, రానీ, ఎడమకి కట్ కొట్టండి, చాలు" అని కొబ్బరికాయల వ్యాన్‌కి జానెడు దూరంలో ఆపిస్తాడు. సెన్సార్లు గోలపెడుతూనే ఉంటాయి. చక్రం కింద ఒక రాయి పెట్టి, అంతే, ఇక మన భద్రత ఆ రాయిదే. సీనియర్ మేనేజర్‌నని చెప్పుకున్నా ఫలితముండదు. పంటు ఒక పక్కకి ఒరగకుండా చూసుకోవడం అతని పని. అతని లెక్కలో మనం కుడివైపు బరువు.

చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చుగా అంటారా? రావచ్చు. మరి రీల్ ఎక్కడ తియ్యాలి?

కర్ణాటకలో మాత్రం మనం గెలిచాం. 1964లో లింగనమక్కి డ్యామ్ కట్టాక శరావతి నీళ్లు చుట్టుముట్టి కొన్ని ఊళ్లకు దారి తెగింది. సిగందూరు గుడికి వెళ్లాలన్నా లాంచీ ఎక్కాల్సిందే. ఆ ఊళ్లవాళ్లు దశాబ్దాలపాటు వంతెన అడిగారు. మనం వీకెండ్ క్యూలో నిలబడి విసుక్కున్నాం. 2025 జులైలో రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున తీగల వంతెన తెరుచుకుంది కాబట్టి ఘనత మన విసుగుదే. ఇప్పుడు మన బాధ వేరు: "లాంచీ ఉన్నప్పుడే ఆ ఫీల్ ఉండేది." నిజమే, పాపం. చీకటి పడ్డాక లాంచీ లేక, పురుటి నొప్పులొస్తే ఎటు పోవాలో తెలియని ఇంట్లో ఆ ఫీల్ ఇంకా బాగా ఉండి ఉంటుంది.

అయినా మనం పడవలకు పూర్తి వ్యతిరేకులం కాదు. 2022 సెప్టెంబరు వానలకు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్క విల్లాల నుంచి జనం పడవల్లో, ట్రాక్టర్లలో బయటపడ్డారు. నది లేకుండానే నడిచిన రేవు అది. ఆ అనుభవంతో బెళ్లందూరు చెరువు మీద శాశ్వతంగా ఒక పంటు వెయ్యాలని, దానికి ఫాస్టాగ్ పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకే ఒక్క సాంకేతిక సమస్య ఉంది. ఆ చెరువుకి 2017లోనూ, 2018లోనూ నిప్పంటుకుంది. అందుచేత ప్రతి ట్రిప్పులో లైఫ్ జాకెట్లతోపాటు ఒక ఫైరింజన్ని కూడా ఎక్కించాలి. అప్పుడు కార్లకు చోటుండదు. బైకులు సర్దుకోవచ్చు.