పనిని బట్టి పీరియడ్

హైస్కూలు టైమ్‌టేబుల్‌లో చిత్రలేఖనం, సంగీతం, చేతిపనులు పేరుకు ఉంటూనే ఉంటాయి. వారానికి ఒకటి, అదీ ఎక్కువగా ఆఖరి పీరియడ్. పరీక్షలు దగ్గరపడగానే గణితానికో సైన్సుకో ముందుగా ధారపోసేదీ దాన్నే. ఇవి పిల్లలకు అవసరమని చెప్పేవారికి కొదవ లేదు. విద్యావేత్త ఊనో సిగ్నేయస్ పూనికతో ఫిన్లాండ్ 1866లోనే చేతిపనిని బడిలో తప్పనిసరి చేసింది. అవసరమా కాదా అన్న చర్చ తీరిపోయి చాలాకాలమైంది. తేలాల్సింది వాటికి సమయం ఎలా ఇవ్వాలన్నదే. అన్నిటినీ ఒకే కొలత పీరియడ్‌లో ఇరికించడం వల్లే ఇవి కుంటుతున్నాయన్నది మా నిశ్చితాభిప్రాయం.

లెక్క చూద్దాం. 40 నిమిషాల పీరియడ్‌లో పనిముట్లు పంచి, బల్లలు సర్దుకుని పని మొదలుపెట్టడానికి 10 నిమిషాలు పడుతుంది. పనిముట్లు లెక్కపెట్టి అప్పగించి, గది శుభ్రం చేయడానికి మరో 10. పనికి మిగిలేది 20, రెండు వారాలకు కలిపి 40. అదే వారం విడిచి వారం 80 నిమిషాల జంట పీరియడ్ ఇస్తే పనికి 60 నిమిషాలు దక్కుతాయి. ఒక్క నిమిషం అదనంగా అడగకుండానే ఒకటిన్నర రెట్ల పని జరుగుతుంది.

ఆ తేడా చెక్కపనిలో బాగా తెలుస్తుంది. 1,200 మిల్లీమీటర్ల పలకను 300 చొప్పున నాలుగు ముక్కలు చేయమన్నారనుకుందాం. రంపం ప్రతి కోతకూ దాదాపు 2 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. ముందే మూడు గీతలూ గీసుకుని, ప్రతిసారీ గీతకు అవతలి వైపున కోస్తే మొదటిది 300 వస్తుంది, మిగతా మూడూ 298 అవుతాయి. ఒక్కో ముక్క కోశాకే తర్వాతిది కొలిచి గీస్తే నష్టమంతా ఆఖరి ముక్క మీద పడి అది 294 దగ్గర ఆగుతుంది. నాలుగూ సమానంగా కావాలంటే మొదటే 6 తీసేసి 298.5 చొప్పున లెక్కవేసుకోవాలి. బోర్డు మీద ఈ లెక్క ఎంతసేపు చెప్పినా పిల్లలకు అంటదు. పెట్టె బిగించబోతే మూల కలవనప్పుడే ఎందుకన్న ప్రశ్న పుడుతుంది. ఒంటి పీరియడ్‌లో సరిగ్గా ఆ ప్రశ్న పుట్టే వేళకు గంట కొడతారు. జిగురూ అంతే. తెల్లని చెక్క జిగురు పట్టాలంటే క్లాంపు (అతుకును అదిమిపట్టే బిగింపు) కింద అరగంట నుంచి గంట ఉండాలి, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. తర్వాతి తరగతికి బల్ల కావాలని పావుగంటకే క్లాంపు విప్పితే అతుకు జారుతుంది. నింద మాత్రం జిగురు మీదికి పోతుంది.

మట్టిపనికి పీరియడ్ ఒక్కటీ పొడుగైతే చాలదు, రెండు తరగతుల మధ్య ఏం జరుగుతుందో కూడా చూసుకోవాలి. కప్పు ఈ వారం చేసి, పిడి వచ్చే వారం అతికిస్తే అది నిలవదు. ఆరిన కప్పు అప్పటికే కుంచించుకుని ఉంటుంది. తడి పిడి ఆ తర్వాత కుంచించుకుంటూ అతుకు దగ్గర చీలుతుంది. రెండూ ఒకే తడిలో ఉన్నప్పుడే, అతికే చోట గరుకుగా గీతలు గీసి, మట్టి గుజ్జు రాసి, ఒకే తరగతిలో పూర్తి చేయాలి. కుదరకపోతే ప్లాస్టిక్ కాగితం చుట్టి తడి ఆరకుండా దాచాలి. బట్టీలో పాత్ర పగిలితే లోపల గాలి బుడగ ఉందంటారు. అసలు దోషి ఎక్కువగా తడి. 100 డిగ్రీల దగ్గర ఆ నీరు ఆవిరై, బయటికి దారి దొరక్క పాత్రను పేల్చేస్తుంది. గోడ మందం ఒక సెంటీమీటరు దాటకుండా చూసి, కనీసం వారం రోజులు నీడలో ఆరబెడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. అందుకు కావాల్సింది ఒక అలమర. కొత్త యంత్రాలు కొనే బడులు కూడా దాన్ని మరిచిపోతున్నాయి.

కుట్టుపనిలో పిల్లలు నేర్చుకునేది కుట్టు ఒక్కటే కాదు. బట్ట అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్ (అడుగు దారం చుట్టిన చిన్న కండె) విప్పుతారు. కారణం ఎక్కువసార్లు పై దారంలో ఉంటుంది. బట్టను అదిమే పాదాన్ని దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించి పట్టే బిళ్లల మధ్యకు పోదు. లోపం ఒకచోట కనిపించి కారణం మరోచోట ఉంటుందని పదమూడేళ్ల వయసులో కనుక్కున్న పిల్ల ఆ తెలివిని ఏ సబ్జెక్టుకైనా వాడుకుంటుంది. అలా కనుక్కోవడానికి మాత్రం తీరిక కావాలి.

సంగీతం దగ్గర లెక్క తిరగబడుతుంది. రెండు వారాలకోసారి 80 నిమిషాలు పాడించడం దండగ. గొంతు అలసిపోతుంది, నేర్చిన స్వరం వారంలో చెదిరిపోతుంది. గాత్రానికి సర్దుకునే సామాను లేదు కనుక అదే 40 నిమిషాలను రెండుగా చీల్చి వారంలో రెండు రోజులు ఇవ్వాలి. ఇక్కడ మరో నష్టం చూసీచూడనట్టు జరిగిపోతోంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్న పలికిన స్వరం ఇవాళ చీలుతుంది. ఆ పిల్లవాడిని అందరితో పాటు అదే శ్రుతిలో పాడమంటే నలుగురిలో నవ్వులపాలై పాటే మానేస్తాడు. అయిదారు స్వరాల పరిధి దాటని పాటలు ఎంచుకోవాలి, శ్రుతి తగ్గించాలి, అవసరమైతే తరగతిని రెండు జట్లు చేసి వేర్వేరు శ్రుతుల్లో పాడించాలి. ఆ కొన్ని నెలలూ తాళం, లయ అతని చేతికి అప్పగించవచ్చు. పాట నుంచి మాత్రం తప్పించకూడదు.

జంట పీరియడ్ ఇచ్చి 40 మందినీ ఒకేసారి పనిగదిలోకి తోలితే ప్రమాదమే. ఒక ఉపాధ్యాయుడి కన్ను 20 మందికి మించి ఆనదు. సగంమంది బల్ల దగ్గర ఉంటే మిగతా సగం పక్క గదిలో మరో ఉపాధ్యాయుడి దగ్గర నమూనా గీసుకోవాలి. మొద్దుబారిన ఉలిని బలంగా నెట్టాల్సి వస్తుంది కాబట్టి అది జారి చేయి కోస్తుంది. అందుకే పదును పెట్టడం కూడా పాఠంలో భాగం కావాలి. తిరిగే డ్రిల్లు దగ్గర చేతి తొడుగు రక్షణ కాదు, చేతిని లోపలికి లాగేసే ఉచ్చు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, చొక్కా వదులు చేతులు మడవాలి, జుట్టు ముడవాలి.

వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ వేయబోయే ప్రధానోపాధ్యాయులకు మా సూచన ఒకటే. ఖాళీ కాగితం మీద మొదట చేతిపనుల జంట పీరియడ్లు, సంగీతపు అర పీరియడ్లు పెట్టి, మిగతా సబ్జెక్టులను వాటి చుట్టూ సర్దండి. ఒంటి పీరియడ్ ఎక్కడైనా ఇముడుతుంది, జంట పీరియడ్ చివర్లో వెతికితే దొరకదు. పరీక్షల నెలలో వీటిని మరో సబ్జెక్టుకు మళ్లించబోమని అదే కాగితం మీద రాసి సంతకం చేయండి.