బిర్యానీ ఫొటో సరే, పాప ఫొటో సంగతేంటి?

సోషల్ మీడియాలో అన్నీ పెట్టేసేవాళ్ల గురించి ఎవరు రాసినా మొదట దొరికిపోయేది తిండి ఫొటోలు పెట్టేవాడే. ప్లేటు రాగానే ఫోన్ తీస్తాడు, పక్కవాళ్లను ఆగమంటాడు, వెలుతురు చాల్లేదని లేచి నిలబడతాడు, ఈలోగా దోశ మెత్తబడిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేసింది. 2017 ఫిబ్రవరిలో వాట్సాప్ స్టేటస్ ఇప్పుడున్న రూపంలోకి మారింది. ఆ తర్వాత మన ఊళ్లలో ఉప్మా నుంచి ఉలవచారు దాకా ఫొటోకెక్కని వంటకం లేదు. విసుగే, కాదనను. కానీ ఇన్నేళ్లుగా ఆ ప్లేటు మీదే జోకులు వేసుకుంటూ కూర్చోవడం వల్ల అసలు పట్టించుకోవాల్సిన ఫొటోలు మన కళ్ల ముందు నుంచే దాటిపోతున్నాయి.

తిండి ఫొటోతో ఎవరికీ నష్టం లేదు. ఆ మాటకొస్తే దానివల్ల కొంత మంచే జరిగింది. మన ఇళ్లలో మూడు పూటలా వండే ఆడవాళ్లకు "ఉప్పు తగ్గింది" అనే మాట తప్ప మరో మాట వినబడేది కాదు. గోంగూర పచ్చడి ఫొటో పెడితే పక్కూరి నుంచి నలుగురు "ఎలా చేశారండీ" అని అడుగుతున్నారంటే, నాకైతే అది చిరాకు పడాల్సిన విషయంలా కనిపించదు. వయసు నూరేళ్లు పైబడిందని చెప్పుకున్న మస్తానమ్మ ఆరుబయట పొయ్యి పెట్టి పుచ్చకాయలో చికెన్ వండితే, తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా కళ్లప్పగించి చూశారు. ఆమె 2018 డిసెంబరులో పోయింది. యూట్యూబ్ లేకపోతే ఆ చేతివంట ఊరి పొలిమేర దాటేది కాదు. కాబట్టి బిర్యానీని వదిలేద్దాం. దానికి సిగ్గు లేదు, రేపు పెద్దదై మనల్ని నిలదీయదు.

నిలదీయగలిగేవాళ్ల ఫొటోల సంగతే నా బాధ.

మన పెద్దవాళ్లు పురుడు వెళ్లేదాకా పసిబిడ్డను వాకిలి దాటించేవాళ్లు కాదు. దిష్టి తగులుతుందనేవాళ్లు. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అయినా ఈ బిడ్డను ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి అని ఇంట్లో ఎవరో ఒకరు ఆలోచించేవాళ్లు కదా, అది ఇప్పుడు పోయింది. లేబర్ రూమ్ బయట నుంచే తేదీ, నిమిషంతో సహా పుట్టిన సమయం, బరువు, ఆసుపత్రి పేరు అన్నీ స్టేటస్‌లోకి వెళ్లిపోతున్నాయి. చిత్రమేమిటంటే బుగ్గన దిష్టిచుక్క పెట్టి మరీ ఫొటో తీస్తారు. ఇంటికొచ్చే పదిమంది కంటి నుంచి కాపాడటానికి పెట్టిన చుక్క అది. ఫోన్ కాంటాక్టుల్లో ప్లంబర్, పాత ఆఫీసు క్లర్కు, ఎప్పుడో స్థలం చూపించిన బ్రోకర్ అందరూ ఉంటారు.

అక్కణ్నుంచి ఇక ఆగేది లేదు. అన్నప్రాశన, చెవులు కుట్టించడం, తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి గుండుతో ఒకటి, బడిలో మొదటి రోజు ఒకటి. ఆ చివరి ఫొటోలో యూనిఫాం మీద స్కూలు పేరుంటుంది, మెడలో ఐడీ కార్డు ఉంటుంది, వెనక బస్సు నంబరు కూడా కనిపిస్తూ ఉంటుంది. పదో తరగతి పాసైతే మెమో పెడతారు. మీ ఇంట్లో బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి, అందులో ఏమేం ఉంటాయో. పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చదివిన బడి, చివరికి ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా. బ్యాంకుకు ఫోన్ చేస్తే మనం మనమేనని తేల్చుకోవడానికి వాళ్లు అడిగే వివరాల్లో సగం ఆ ఒక్క కాగితంలోనే దొరుకుతాయి. కార్పొరేట్ కాలేజీలు ర్యాంకులు కొట్టిన పిల్లల మొహాలను హాల్ టికెట్ నంబర్లతో సహా హోర్డింగుల మీదికి ఎక్కించి మనకు అలవాటు చేశాయి, ఇప్పుడు ఆ పని తండ్రులే ఉచితంగా చేస్తున్నారు. బంధువుల గ్రూపులో ఒకడి మెమో పడగానే "మీవాడికి ఎన్నొచ్చాయి?" అని తక్కువ మార్కులొచ్చిన పిల్లాడి ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. వాడు ఆ రోజు గదిలోంచి బయటికి రాడు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఓణీల ఫంక్షన్. దీని గురించి మన పత్రికల్లో, పోర్టళ్లలో ఎందుకో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఆడపిల్ల పెద్దమనిషి అయిందన్న కబురు ఒకప్పుడు గొంతు తగ్గించి చెప్పుకునేదే. మేనమామకు కబురు వెళ్లేది, అత్తలు, పిన్నులు వచ్చేవాళ్లు, పిల్లను ఓ మూల కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించేవాళ్లు, పాటలు పాడేవాళ్లు. ఆ మూల కూర్చోబెట్టడంలో అంటూముట్టూ గొడవ ఉంది, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ చుట్టూ ఉండేది ఆడవాళ్లే, వాళ్లంతా ఆ పిల్లకు తెలిసినవాళ్లే. తర్వాత షామియానాలు వచ్చాయి. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. నడిరోడ్డు మీద, ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీ పక్కనే, పన్నెండేళ్ల పిల్ల బొమ్మ. ఫేస్‌బుక్ రాక ముందే ఇంటి విషయాన్ని ఊరి గోడకెక్కించడం మనకు వచ్చేసిందని నా అనుమానం. అమెరికా కంపెనీలు మనల్ని చెడగొట్టాయనడం సగమే నిజం.

ఇప్పుడు డ్రోన్ కెమెరా, ప్రీ-షూట్, పేరుతో సహా యూట్యూబ్‌లో పూర్తి వీడియో. ఆ పిల్ల పేరు, ఊరు పేరు కొడితే వచ్చేస్తుంది. ఇంత ఆర్భాటం దేనికంటే, ఆమెకు మొదటిసారి నెలసరి వచ్చిందని చెప్పడానికి. సోమవారం ఆమె మళ్లీ ఎనిమిదో తరగతి క్లాసులోకి వెళ్లి కూర్చోవాలి. క్లాసులో అబ్బాయిలందరి ఫోన్లలోనూ ఆ వీడియో ఉంటుంది. అమ్మాయికి శానిటరీ ప్యాడ్‌లు కావాలంటే షాపువాడు నల్ల కవర్లో చుట్టి ఇస్తాడు, ఎవరికీ కనబడకూడదని. అదే ఇంటివాళ్లు అదే విషయాన్ని డ్రోన్ పెట్టి ప్రపంచానికి చెబుతారు. ఫంక్షన్ చేయొద్దని నేననడం లేదు, పట్టుచీర, పూలజడ, మేనమామ సారె ఎవరి సరదా వాళ్లది. వీడియో పెట్టే ముందు ఆ పిల్లను ఒక్క మాట అడిగారా? నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కడా అడగలేదు. "దానికేం తెలుసు, చిన్నపిల్ల" అన్నారు. చిన్నపిల్లే అయితే పెద్దమనిషి అయిందని ఫ్లెక్సీ ఎందుకు కట్టినట్టు?

ఇక్కడ ఓ పక్షం వాదన వినాల్సిందే. డాలస్‌లో ఉన్న కొడుకు పెట్టే వీడియోతోనే తెనాలిలో నానమ్మ మనవరాలి తొలి అడుగు చూస్తోంది, దాన్ని కూడా ఆపేస్తారా అంటారు. సంతోషం పంచుకుంటే తప్పేమిటి, మంచి చూసే కళ్లే ఎక్కువ కదా అంటారు. నిజమే, నానమ్మ చూడాలి. ఆమె కోసం వీడియో కాల్ ఉంది, నలుగురితో గ్రూపు ఉంది. ఆమె పేరు చెప్పి పబ్లిక్ అకౌంట్‌లో పెట్టక్కర్లేదు.

చూసే కళ్ల విషయానికొస్తే, 2024 జులైలో జరిగింది మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ మర్చిపోయి ఉండరు. ఒక తండ్రి, చిన్నారి కూతురు ఉన్న మామూలు వీడియోను ముందు పెట్టుకుని కొందరు యూట్యూబ్ లైవ్‌లో నోటితో చెప్పలేని వ్యాఖ్యలు చేసి నవ్వుకున్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి ఇద్దరు ముఖ్యమంత్రుల దృష్టికి తీసుకెళ్లారు. పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండమని తల్లిదండ్రులనూ కోరారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ప్రధాన నిందితుణ్ని బెంగళూరులో అరెస్టు చేసింది. తప్పు ముమ్మాటికీ ఆ మాటలన్నవాళ్లదే, ఆ తండ్రిది కాదు. అయితే వాళ్లు అంత ధీమాగా నవ్వగలిగారంటే, అలాంటి ప్రేక్షకులు తమకున్నారని వాళ్లకు తెలుసు. ఆ ప్రేక్షకుల మధ్యకే మనం రోజూ పిల్లల్ని పంపుతున్నాం. యూట్యూబే 2019 ఫిబ్రవరిలో మైనర్లు కనిపించే వీడియోల్లో చాలావాటికి కామెంట్లు మూసేసింది, కామెంట్లలో ఏం రాస్తున్నారో చూశాక. లాభం కోసం నడిచే కంపెనీకి పుట్టిన భయం మన ఫ్యామిలీ వ్లాగర్లకు ఇంకా పుట్టలేదు. డెలివరీ వ్లాగ్ అంటారు, పాపకు టీకా వేయిస్తే ఏడ్చిందని వ్లాగ్ అంటారు, థంబ్‌నెయిల్‌లో ఏడుస్తున్న మొహం, దాని మీద ఎర్ర బాణం గుర్తు. ఆ ఏడుపు మీద వచ్చిన డబ్బు పాప పేరున బ్యాంకులో వేస్తున్నారా అని అడిగితే కోపాలొస్తాయి.

ఇక చట్టం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి ఆధార్ మీద వేసిన పిటిషన్ అది. పిల్లల గోప్యతకు ఆన్‌లైన్‌లోనూ, బయటి ప్రపంచంలోనూ ప్రత్యేక రక్షణ అవసరమని జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన తీర్పులో రాశారు. ఆ తీర్పు వచ్చాక ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు కూడా వచ్చాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. బాగానే ఉంది. మరి పిల్లల డేటా బయటపెడుతున్నది తల్లిదండ్రులే అయితే? ఎవరైనా వ్యక్తిగత, ఇంటి అవసరాలకు డేటా వాడుకుంటే ఈ చట్టం వర్తించదని మూడో సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. అంటే దొంగతనం జరగకుండా తాళంచెవి ఇంటి పెద్దకు ఇచ్చారు, ఇంటి పెద్ద తలుపులు బార్లా తెరిచి పెడితే అడిగేవాళ్లు లేరు.

చట్టం రాసినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. వాళ్లూ మన ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. మన ఇళ్లలో పిల్లలకు సొంతం అనేది ఏదీ ఉండదు. గది తలుపు గడియ పెట్టుకుంటే "లోపల ఏం పని?" అంటాం. డైరీ రాసుకుంటే తీసి చదువుతాం, చదివామని నవ్వుతూ చుట్టాలకు చెబుతాం. ఫోన్‌కు పాస్‌వర్డ్ ఉంటే అదేదో నేరం. పెళ్లయ్యాక ఆడపిల్ల విషయంలో ఇదే అధికారం అత్తింటికి బదిలీ అవుతుంది, ముసలితనంలో తల్లిదండ్రుల మీద పిల్లలకు వస్తుంది. ఐసీయూలో ఆక్సిజన్ మాస్కుతో ఉన్న తండ్రి ఫొటో పెట్టి "ప్రార్థించండి" అని రాసే కొడుకు నాకు తెలుసు. జీవితమంతా ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి రాని మనిషి ఆయన. ఊరంతా ఆయన్ను చివరిసారి చూసింది నోట్లో పైపులతో. ఆ కొడుకు చెడ్డవాడేం కాదు, తండ్రి మీద ప్రేమతోనే పెట్టాడు. మన కుటుంబాల్లో ప్రేమ ఉన్నచోట అనుమతి అడగడం అవమానమన్నట్టు ప్రవర్తిస్తాం. "నా కూతురు, నా ఇష్టం" అనే మాటకు ఎదురు చెప్పేవాడిని పరాయివాడిగా చూస్తాం. తిండి ఫొటోల మీద నవ్వడానికి ఉత్సాహపడే మనం ఈ మాట దగ్గరికొచ్చేసరికి చప్పుడు చేయం.

ఫ్రాన్స్‌లో 2024 ఫిబ్రవరిలో ఓ చట్టం చేశారు. బిడ్డ ఫొటో మీద హక్కు బిడ్డదని, దాన్ని కాపాడే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ అని, వయసును బట్టి బిడ్డ అభిప్రాయం కూడా తీసుకోవాలని అందులో రాశారు. తల్లిదండ్రుల మధ్య పేచీ వస్తే, రెండోవాళ్లు ఒప్పుకోకుండా ఫొటోలు పెట్టొద్దని ఒకరిని జడ్జి ఆదేశించవచ్చు. మన దగ్గర అంత దూరం వెళ్లకపోయినా, ఇంటి అవసరం అనే మినహాయింపులోంచి పబ్లిక్ అకౌంట్లను, డబ్బు వచ్చే ఛానళ్లను తీసేయడానికి పెద్ద కసరత్తు అక్కర్లేదు. పద్దెనిమిది నిండినవాళ్లు తమ చిన్ననాటి ఫొటోలు, వీడియోలు తీసేయమని అడిగితే, ఎవరు అప్‌లోడ్ చేశారన్న దానితో సంబంధం లేకుండా తీసేయాలని ఒక్క నిబంధన చాలు. ప్రభుత్వం ఈ మాత్రం చేయకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

దీనికి ఎక్కువ టైమ్ కూడా లేదు. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ వచ్చింది 2009లో. ఆ ఏడు పుట్టి, పుట్టిన రోజు నుంచే ఫొటోల్లో పెరిగిన పిల్లలకు 2027లో పద్దెనిమిది నిండుతాయి. వాళ్లు ఉద్యోగాలకు వెళ్తారు, సంబంధాలు చూసుకుంటారు, అవతలివాళ్లు వాళ్ల పేరు కొట్టి చూస్తారు. గుండు ఫొటో నుంచి ఓణీల వీడియో దాకా అన్నీ వరసగా వస్తాయి. వాళ్లలో ఒక్కరికి ఒళ్లు మండి పుట్టస్వామి తీర్పు పట్టుకుని కోర్టుకెళ్లినా, పిటిషన్‌లో ప్రతివాదిగా కంపెనీ పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. మొదటి ప్రతివాదిగా నాన్న పేరు రాయాల్సి వస్తుంది.