చదరపు కిలోమీటర్లు చూసి చప్పట్లు కొట్టకండి

ఏదో ఒక దేశం సముద్రంలో లక్షల చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించిందన్న వార్త రాగానే మన గ్రూపుల్లో షేర్లు మొదలవుతాయి. షేర్ చేసేవాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్లంతా సముద్రం బాగుండాలని కోరుకునేవాళ్లే. నా కోపమంతా ఆ వార్తల్లో విస్తీర్ణం తప్ప ఇంకేమీ ఉండకపోవడం మీద. గీత గీసిన మర్నాటి నుంచి అక్కడ ఆగిపోయే పని ఏమిటి? ఏ పడవలు వెనక్కి మళ్లాలి, ఏ వలలు పడకూడదు? ఏ ప్రతిపాదననైనా ముందు ఈ ప్రశ్నతోనే తూచాలి. ఆగేది ఏమీ లేకపోతే అది పది లక్షల చదరపు కిలోమీటర్లయినా దండగే.

హైదరాబాద్‌లో ఉండి సముద్రం గొడవ నీకెందుకు అంటారు కొందరు. ప్రగతినగర్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నుంచే కదా చేపలు ఎక్కడ దొరుకుతాయన్న సమాచారమూ, సునామీ హెచ్చరికలూ తీరానికి వెళ్లేది! జీవవైవిధ్య ఒప్పందం దేశాల 11వ సదస్సు 2012 అక్టోబరులో మన హెచ్‌ఐసీసీలోనే జరిగింది. రోజూ ట్రాఫిక్‌లో మనం ఆగే బయోడైవర్సిటీ జంక్షన్ పేరు ఆ సదస్సు గుర్తుగా పెట్టిన పార్కు నుంచి వచ్చిందే. జీవావరణపరంగా ముఖ్యమైన సముద్ర ప్రాంతాల తొలి వివరాలు ప్రభుత్వాల ముందు చర్చకు వచ్చిందీ ఇక్కడే. అలాంటి చోట్లను గుర్తించడానికి ఏడు కొలమానాలున్నాయి. అరుదైన చోటా, జీవులు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే చోటా, ముప్పులో ఉన్న జాతులున్నాయా, దెబ్బతింటే కోలుకోవడం కష్టమా, జీవం పుష్కలంగా ఉత్పత్తి అవుతుందా, ఎన్ని రకాల జీవులున్నాయి, మనిషి చెయ్యి ఎంత తక్కువ పడింది. ఈ ఏడింటిలో విస్తీర్ణం లేదు.

మరి ఈ చదరపు కిలోమీటర్ల పోటీ ఎక్కడి నుంచి వచ్చింది? 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో అదే జీవవైవిధ్య ఒప్పందం దేశాలన్నీ ఒక లక్ష్యం పెట్టుకున్నాయి, 2030 కల్లా సముద్రంలో 30 శాతం రక్షణలోకి రావాలని. ఆ లక్ష్యాన్ని పూర్తిగా చదివితే ముఖ్యమైన ప్రాంతాలు కావాలనీ, రక్షణ నిజంగా పనిచేయాలనీ, స్థానికుల హక్కులను గౌరవించాలనీ ఉంది. ప్రకటనల దాకా వచ్చేసరికి ఆ శాతం ఒక్కటే మిగులుతోంది. శాతం నింపడానికి సులువైన దారి, ఎవరూ వేటకు వెళ్లని దూరపు నీళ్ల చుట్టూ పెద్ద గీత గీయడం. అక్కడ అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. వల ఈడ్చుకుంటూ వేటాడే ట్రాలర్లు తిరిగే చోట, చమురు తీసే చోట, ఓడరేవు పక్కన గీయాలంటే మాత్రం గొడవ తప్పదు. కానీ కాపాడాల్సిన అవసరం ఎక్కువగా ఉన్నది అక్కడే.

దూరపు నీళ్లను ఇప్పుడే కాపాడితే రేపు అక్కడ గనుల తవ్వకం రాకుండా ఉంటుందనే వాదనలో బలముంది. అలాగైతే తవ్వకం నిషేధమని ప్రతిపాదనలోనే రాయాలి. చాలాసార్లు ఆ ఒక్క వాక్యమే కనిపించదు.

2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 87 రక్షిత ప్రాంతాలను పరిశీలించింది. వేట పూర్తిగా బంద్ కావడం, గట్టి నిఘా, పదేళ్లు దాటిన వయసు, వంద చదరపు కిలోమీటర్లు మించిన విస్తీర్ణం, చుట్టూ లోతైన నీరో ఇసుకో ఉండి విడిగా ఉండటం, ఈ ఐదు లక్షణాలు కలిసేకొద్దీ ఫలితం బాగా పెరిగింది. ఒకటో రెండో మాత్రమే ఉన్నవి 59 శాతం. వాటికీ, వేట సాగే చోట్లకూ తేడాయే కనబడలేదు. విస్తీర్ణం పనికొస్తుంది, కాదనను. అయితే అది ఐదింటిలో ఒకటి.

అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రాన్ని చూడండి. అక్కడి సముద్ర జీవుల సంరక్షణ కమిషన్‌లో సభ్యులందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ కదలదు. ఏళ్ల తరబడి బేరాలు నడిచి, 2016లో రక్షిత ప్రాంతం మీద ఒప్పందం కుదిరి, 2017 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. మొత్తం 15.5 లక్షల చదరపు కిలోమీటర్లలో సుమారు 11 లక్షల మేర వాణిజ్య వేట లేదు. గడువు 35 ఏళ్లే. ఆ గడువు నాకు నచ్చలేదు, అయినా దీన్ని మంచి ప్రతిపాదనే అంటాను. టూత్‌ఫిష్ అనే ఖరీదైన చేప కోసం నిజంగా పడవలు వెళ్లే సముద్రం అది. ఏ మండలంలో ఏది చెయ్యకూడదో అందులో స్పష్టంగా రాసి ఉంది. అదే కమిషన్ ముందున్న తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రం రక్షిత ప్రాంతాల ప్రతిపాదనలకు మన దేశం 2021లో మద్దతు చెప్పింది. రష్యా, చైనా ఒప్పుకోక అవి ముందుకు కదల్లేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది మన హిందూ మహాసముద్రంలోని చాగోస్. 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనాన్ని వాళ్ల సొంత దీవుల నుంచి బ్రిటన్ పంపించేసింది. 2010లో అదే చోట దాదాపు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించింది. సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియాను మాత్రం మినహాయించింది. ఆ దీవులు తనవేనంటున్న మారిషస్ హక్కులను లెక్కచేయకుండా ఆ ప్రకటన చేయడం సముద్ర చట్టం ఒప్పందానికి విరుద్ధమని 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. పగడపు దిబ్బలు బాగున్నాయి కదా అని నాతో వాదించకండి. ఇళ్లకు తిరిగి రావాలని అడుగుతున్న మనుషుల్ని పక్కన పెట్టి గీసిన గీతను పర్యావరణ విజయం అనడం నావల్ల కాదు.

పసిఫిక్ దీవుల దేశం కిరిబాటి కథ ఇంకోటి. ఫీనిక్స్ దీవుల చుట్టూ 4 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా రక్షిత ప్రాంతమని ఎంతో పేరొచ్చింది. వాణిజ్య వేట పూర్తిగా ఆగింది మాత్రం 2015 జనవరి నుంచే. 2021లో మళ్లీ వేటకు తెరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ట్యూనా వేట లైసెన్సుల డబ్బు మీద బతికే చిన్న దేశం అది. పోయిన ఆదాయం ఎవరిస్తారో తేల్చకుండా వాళ్లను తప్పుపట్టడం అన్యాయం.

ఇక మన తీరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది. తీరానికి దగ్గరి నీళ్లలో మరబోట్లు వేటాడకూడదన్న నిబంధన ఉంది. తాబేళ్లు తప్పించుకునే పరికరం ట్రాలర్ల వలలకు ఉండాలన్న నిబంధనా ఉంది. అయినా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఉన్న నిబంధన అమలు కానప్పుడు బంగాళాఖాతంలో ఇంకా పెద్ద గీత గీస్తామంటే నేను అడిగేవి ఇవే. పహారా పడవలెన్ని, డీజిల్‌కు డబ్బెవరిస్తారు, ట్రాలర్ యజమానికి పడే జరిమానా ఎంత? చిన్న తెప్ప మీద వెళ్లేవాడిని ఆపడం సులువు కాబట్టి అతన్నే ఆపుతారా?

అభయారణ్యాలు, జాతీయ పార్కుల చుట్టూ ప్రకటించే పర్యావరణ సున్నిత మండలాల ముసాయిదా నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులు ఇస్తారు. సముద్రం మీద అలాంటి ముసాయిదా ఏది వచ్చినా దాన్ని తెలుగులో ఉప్పాడ రేవులో, కాకినాడ రేవులో చదివి వినిపించాలని ఆ గడువులోగా కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు మెయిల్ పెడదాం. డ్రాఫ్ట్ నేను రాస్తాను. మత్స్యకార సంఘాలతో పరిచయం ఉన్నవాళ్లు కామెంట్‌లో చెప్పండి, పంపే ముందు వాళ్లకు చూపించాలి.