దిక్కును చూసి పిల్లల గదికి రంగు: ఆ జాబితాలో నిలబడేది ఎంత?

"పిల్లల గదికి ఫెంగ్‌షుయ్ రంగులు" అనే జాబితా ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. (మన వాస్తులాంటి చైనా పద్ధతే ఇది.) తూర్పు గదికి ఆకుపచ్చ వేస్తే బిడ్డ బాగా ఎదుగుతుందట, ఉత్తరపు గదికి నీలం వేస్తే కంటినిండా నిద్రపోతుందట. పసుపు గదిలో పసివాళ్లు ఎక్కువ ఏడుస్తారని, గులాబీ రంగు మొండితనాన్ని తగ్గిస్తుందని శాస్త్రమే తేల్చిందని కూడా అందులో ఉంది. చివర్లో, "తప్పు రంగు వేస్తే చదువు దెబ్బతింటుంది" అన్న బెదిరింపు. దీనికి జవాబు చెప్పాల్సి వస్తున్నది ఆ బెదిరింపు వల్లే. దాన్ని నమ్మి, బాగున్న గోడల్ని గీకి, బిడ్డ పడుకునే గదికి మళ్లీ పెయింట్ వేయిస్తే జరిగే నష్టం మాత్రం నిజమైనదే.

మొదటి మాట: దిక్కుకు ఒక సరైన రంగు ఉంటుందన్నది. ఫెంగ్‌షుయ్ పాటించేవాళ్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. వాళ్ల లెక్కలో నీరు, కట్టె, అగ్ని, మట్టి, లోహం అని ఐదు తత్వాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. తూర్పు గోడకు వీధి తలుపున్న ఇల్లు తీసుకోండి. లోపలికి అడుగుపెట్టి చూస్తే కుడివైపు మధ్యలో ఉన్న గది పిల్లలది. దిక్సూచి పద్ధతిలో అది ఉత్తరం, అంటే నీటి స్థానం, కాబట్టి నలుపో నీలమో వేయమంటారు. ఇంటిని తొమ్మిది గళ్లుగా విడదీసే బాగువా పటాన్ని తలుపును బట్టి పరిచే పద్ధతిలో అదే గది 'సంతానం' గడిలో పడుతుంది. అది లోహం, కాబట్టి తెలుపు. ఇక పుట్టిన ఏడాది చూసేవాళ్లకు 2016 జూన్‌లో పుట్టిన బిడ్డ అగ్ని తత్వం; అగ్నిని పెంచేది కట్టె, కాబట్టి ఆకుపచ్చ. పైగా నీరు అగ్నిని ఆర్పుతుందని వాళ్ల సూత్రమే చెబుతుంది కాబట్టి నీలం కూడదు. ఒకే గది, ఒకే బిడ్డ, మూడు జవాబులు. వాటిలో ఏది సరైనదో తేల్చే పరీక్ష ఏ పద్ధతిలోనూ లేదు. దిక్కు కొలవడంలోనూ చిక్కుంది. ఎనిమిది దిక్కులకు తలా 45 డిగ్రీలు. కాంక్రీటులోని ఇనుప కడ్డీల దగ్గర, ఇనుప బీరువా పక్కన ఫోన్ దిక్సూచి పక్కకు జరుగుతుంది. గది రెండు దిక్కుల అంచున ఉంటే ఆ కాస్త తేడాకే 'సరైన రంగు' మారిపోతుంది.

గులాబీ రంగు గురించి చెప్పే శాస్త్రం 1979 నాటిది. అమెరికాలోని సియాటెల్‌లో ఒక నౌకాదళ జైలు గదికి సుమారు 8 పాళ్ల తెలుపులో ఒక పాలు ఎరుపు కలిపిన పెయింట్ వేసి, ఖైదీలు శాంతించారని ప్రకటించారు. అప్పుడే బంధించిన పెద్దవాళ్లను కాసేపు గమనించి చెప్పిన మాట అది. 2015లో స్విట్జర్లాండ్ జైలులో మామూలు రంగు గదులతో పోల్చి మళ్లీ పరీక్షిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. పిల్లల పడకగదికి దాన్ని అంటగట్టడానికి ఏ ఆధారమూ లేదు.

నీలం, నిద్ర సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ రంగుకు నిజంగానే పాత్ర ఉంది, కాకపోతే అది గోడ రంగు కాదు. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే, వెలుతురును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందించి, మెదడుకు ఇంకా పగలేనన్న సంకేతం పంపుతాయి. పిల్లల కంటిపాప పెద్దది, కటకం స్వచ్ఛమైనది. అందుకే రాత్రి వెలుతురు వాళ్ల మెలటోనిన్‌ను, అంటే నిద్రకు సిద్ధం చేసే హార్మోన్‌ను, పెద్దవాళ్లకన్నా ఎక్కువ తగ్గిస్తుంది. గోడ సొంతంగా వెలగదు, బల్బు వెలుతురునే తిప్పికొడుతుంది. అందుకని ముందు మార్చాల్సింది బల్బు: 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ తీసి పసుపు వెలుతురిచ్చే 2700 కెల్విన్‌ది పెట్టండి (ఈ అంకె బల్బు పెట్టె మీద ఉంటుంది), పడుకునే ముందు గంటసేపు వెలుతురు తగ్గించండి, రాత్రి దీపాన్ని కంటికి నేరుగా తగలకుండా నేలకు దగ్గరగా ఉంచండి. ముదురు నీలం గోడ తనమీద పడిన వెలుతురులో 10 శాతం కూడా వెనక్కి ఇవ్వదు. లేత షేడ్లు 60 నుంచి 80 శాతం ఇస్తాయి. అంటే నిద్ర కోసం వేసిన ముదురు నీలం పగలు చదువుకునే బల్లను చీకటి చేస్తుంది.

పసుపుకు, ఏడుపుకు సంబంధం లేదు. పసివాళ్ల ఏడుపు దాదాపు ఆరో వారంలో ఎక్కువగా ఉంటుంది. అప్పటికి వాళ్ల చూపు 20-30 సెంటీమీటర్ల దూరంలోనే కాస్త స్పష్టంగా ఉంటుంది, రంగుల్ని పోల్చుకునే శక్తి ఇంకా పెరుగుతూ ఉంటుంది. అవతలి గోడ వాళ్లకు మసక మాత్రమే. ఆకుపచ్చ వేస్తే ఎదుగుతారన్నదానికి ఏ ఆధారమూ లేదు.

ఇక ఆ "తప్పు రంగు" బెదిరింపు. పెయింట్ వల్ల బిడ్డకు హాని జరిగితే అది రంగు చూడటం వల్ల కాదు, దుమ్ము, ఆవిరుల వల్ల. పాత పసుపు, నారింజ, ఎరుపు ఎనామిల్ పెయింట్లలో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి వాడేవాళ్లు. రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత పూతను పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ ధూళి నేలమీద పడి, పాకే బిడ్డ చేతులనుంచి నోట్లోకి వెళుతుంది. పాత పూత మీద అనుమానముంటే ముందు పరీక్ష చేయించండి. సీసం ఉండి, పూత పెచ్చులూడకుండా ఉంటే గీకొద్దు, మీద కొత్త పూత వేసి మూసేయండి. ఊడుతుంటే ఇలాంటి పని తెలిసినవాళ్లకే అప్పగించి, అయ్యేదాకా బిడ్డను వేరేచోట ఉంచండి. కొత్త డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) లోపు, వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) లీటరుకు 50 గ్రాముల లోపు అని ఉందా చూడండి. 'వాసన లేదు' అన్నంతమాత్రాన వీఓసీ తక్కువని కాదు. ముదురు షేడ్లలో కలిపే రంగుద్రవం దాన్ని పెంచవచ్చు కూడా. పెయింట్ వేశాక కిటికీలు తెరిచి, కనీసం మూడు నాలుగు రోజులు, వాసన పూర్తిగా పోయేదాకా బిడ్డను ఆ గదిలో పడుకోబెట్టొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు దిక్కుల మీద నమ్మకం ఉంటే ఆ రంగు దుప్పటో పరదాయో వేయండి, గోడ జోలికి పోనక్కర్లేదు. గోడకు రంగు ఎంచేటప్పుడు రెండడుగుల చదరపు అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఆ గది బల్బు కింద చూడండి. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదానిమీద పడేసి ముదురుగా కనిపిస్తాయి కాబట్టి నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. 10×12 అడుగుల గదికి, ఎత్తు 10 అడుగులైతే, తలుపు కిటికీ పోను సుమారు 400 చదరపు అడుగుల గోడ. లీటరు ఒక కోటుకు 120 చదరపు అడుగులు వస్తే రెండు కోట్లకు 7 లీటర్లు. ముదురు ఎరుపు, పసుపు సరిగా కప్పవు, మూడో కోటు పడుతుంది. ఎరుపు కింద బూడిదరంగు ప్రైమర్ వేయాలి. పిల్లల చేతులు ఆడే నాలుగడుగుల ఎత్తు వరకు మెరుపు లేని మ్యాట్ పెయింట్ వద్దు, తుడిచే కొద్దీ ఆ చోటు నిగనిగలాడి మచ్చలా కనిపిస్తుంది. కాస్త మెరుపుండి కడగగలిగే శాటిన్ మేలు. ఒకే షేడ్ డబ్బాలు రెండు మూడు ఉంటే ముందే ఒక బకెట్లో కలిపేయండి, లేకపోతే డబ్బా మారినచోట గోడ మీద తేడా కనిపిస్తుంది.