సవరణ: హిట్టైట్ ‘వాతర్’ షష్ఠి రూపం

మొన్న హిట్టైట్‌లో (ఇప్పటి టర్కీ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన పాత భాష) నీళ్ళని ‘వాతర్’ అంటారని, షష్ఠిలో ‘వాతరస్’ అవుతుందని, ఆ మాట మన ఉదకం నుంచే వెళ్ళిందని రాసేశా కదా, మొదటి ముక్క తప్ప మిగతా రెండూ తప్పే, సారీ. ‘నీళ్ళ యొక్క’ అంటే ‘వితేనస్’, ‘నీళ్ళలో’ అంటే ‘వితేని’. అంటే చివరి ర్ ఎగిరిపోయి న్ వస్తుంది, పైగా మొదటి అచ్చు కూడా మారిపోతుంది, నేనేమో ర్ అలాగే ఉంచి వెనకాల అస్ తగిలించేశా. రక్తానికి ‘ఎస్హర్’, షష్ఠి ‘ఎస్హనస్’, అదే వరస. సంస్కృతంలో అసృక్‌కి (రక్తం) షష్ఠి ‘అస్నః’, యకృత్‌కి (కాలేయం) ‘యక్నః’, చూశారా, న్ అక్కడా దూరింది!

ఇక ఉదకం నుంచి వెళ్ళడం లాంటిదేం లేదు, రెండూ అంతకంటే పాత ఇండో-యూరోపియన్ మూలం నుంచి వేర్వేరుగా దిగినవి, ఇంగ్లీషు వాటర్ కూడా ఆ ఇంటిదే. 1915లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు హిట్టైట్ ఏ కుటుంబానిదో తేల్చింది కూడా ‘రొట్టె తింటారు, వాతర్ తాగుతారు’ అనే వాక్యం పట్టుకునే.

మన నీరు–నీటి మార్పు చూస్తే ఇదే గుర్తొస్తుంది గానీ చుట్టరికం మాత్రం లేదు, మళ్ళీ అదొకటి అంటగట్టకండి నాకు.