గాజువాకలో జనాభా పెరగలేదని మనవి

ఏటా జూలై 11న ప్రపంచ జనాభా దినోత్సవం రాగానే జనం పెరిగిపోతున్నారని పత్రికలు బెంగపెట్టుకోవడం ఆనవాయితీ. ఆ బెంగ విశాఖపట్నం శివారు గాజువాకకు వర్తించదని సవినయంగా మనవి చేసుకోవడానికే ఈ వ్యాసం. అధికారిక లెక్క ప్రకారం ఈ శివారులో 2011 మార్చి 1 తర్వాత ఒక్క మనిషి కూడా అదనంగా చేరలేదు. శ్రీకాకుళం బస్సులు దిగి సంచులు భుజాన వేసుకుని పాత గాజువాక సందుల్లోకి నడిచినవారు, ఒడిశా, బీహార్ రైళ్ళలో వచ్చి దువ్వాడ స్టేషన్ బయట షేర్ ఆటోల్లో ఇరుక్కున్నవారు, ఇక్కడే పుట్టి ఇప్పుడు హైస్కూలుకు వెళుతున్న పిల్లలు, అందరూ మన కళ్ళు చేసే మోసమే. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. కోవిడ్ వెళ్ళిపోయాక అలవాటు వల్ల వాయిదా పడింది. చివరికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అంతవరకు విశాఖ నగర జనాభా అంటే 2011 నాటి 17 లక్షల చిల్లరే.

దేశమంతా ఇదే తీరు కదా, గాజువాక గొప్పేమిటని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మిగతా ఊళ్ళు మనిషిని మొత్తంగా ఒకేసారి మరిచిపోయాయి. గాజువాక మాత్రం అదే మనిషిని ఓటు ఒకచోట, బియ్యం కార్డు ఒకచోట, హాజరు ఒకచోట, రోగం ఒకచోట అన్నట్టు విడదీసి, ఏ ఒక్క చోటా పూర్తి మనిషి కనబడకుండా సర్దింది. ఇంతటి నేర్పు ఒక్కనాటితో రాదు.

2005లో గాజువాక పురపాలక సంఘాన్ని రద్దు చేసి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. శివారు నగరమైపోయింది, పన్ను కూడా నగరానిదే అయింది. 2007 ఎన్నికలలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. తొమ్మిదేళ్ళ పాటు కార్పొరేటరన్నవాడు లేకుండానే కాలువలు పొంగాయి, కుక్కలు కరిచాయి, వీధి దీపాలు పగలు వెలిగి రాత్రి ఆరాయి. ప్రజలే పెరగని చోట ప్రతినిధులెందుకన్న తర్కం అందులో ఉంది. ఆ తర్కాన్ని అర్థం చేసుకోలేనివారు దాన్ని నిర్లక్ష్యం అన్నారు. 2021 నాటికి వార్డులు 72 నుంచి 98 అయ్యాయి. జనాభా కదలకుండా వార్డులు మాత్రం పెరగడం మన పాలనాదక్షతకు నిదర్శనం.

లెక్కపెట్టడం చేతకాక ఇలా జరిగిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఓటర్ల జాబితాను ఏటా సవరిస్తారు. 2024 శాసనసభ ఎన్నికలలో గాజువాకలో గెలిచిన అభ్యర్థి ఆధిక్యం 95,235 అని ఒకట్ల స్థానం దాకా, అదీ ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. రాష్ట్రంలో అదే అత్యధికమని సాయంత్రానికల్లా అందరికీ కంఠతా వచ్చింది. ఆస్తి పన్నును 2021 నుంచి మూలధన విలువతో ముడిపెట్టారు కనుక ఇంటి విలువ ఎప్పటికప్పుడు కొత్తగా లెక్కకొస్తుంది. ఓటు తాజా, పన్ను తాజా. ఆ ఇంట్లో నీళ్ళు తాగే మనిషి ఒక్కడే 2011 సరుకు.

ఆ మనిషిని కాస్త దగ్గరగా చూడవలసి ఉంది. సందు చివర ఒక మూడంతస్తుల ఇల్లు. ప్లాను ప్రకారం ఒకటే అంతస్తు, మిగతావి ఇంటాయన ఆత్మవిశ్వాసం. బయటి నుంచి వేసిన ఇనుప మెట్లెక్కితే పై అంతస్తులో రేకుల గది, అద్దె భాషలో దాని పేరు సింగిల్ పోర్షన్. గోడకు వరుసగా మూడు మేకులు, వాటికి వేలాడవలసినవి మూడు పసుపు హెల్మెట్లు. మెట్ల మీద సేఫ్టీ బూట్లు. లోపల మంచం ఒకటే. ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఆ ముగ్గురిలో ఒకడు ఏ షిఫ్టు, అంటే ఉదయం ఆరు నుంచి రెండు. ఒకడు బీ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది. ఒకడు సీ షిఫ్టు, పది నుంచి తెల్లవారి ఆరు. వారం మారితే షిఫ్టు మారుతుంది, దాంతోపాటు మంచం మీద వంతు కూడా మారుతుంది. ఏ సమయంలో చూసినా ఒక మేకు ఖాళీగా ఉంటుంది, మంచం మాత్రం ఖాళీగా ఉండదు. గృహవసతిని ఇంత పూర్తిగా వాడుకున్న నగరం మరొకటి ఉంటే దాని ప్రణాళికా విభాగం వారు వచ్చి ఇక్కడి ఇంటాయనకు శాలువా కప్పవలసిందే.

ప్లాను లేని అంతస్తుల సంగతి ప్రభుత్వానికి తెలియదని అనుకోరాదు. తెలుసు కాబట్టే 2007 చివర, మళ్ళీ 2015లో, మళ్ళీ 2019లో అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకం, అందరూ బీపీఎస్ అని పిలిచేది, వచ్చింది. ప్రతిసారీ ఇదే చివరి అవకాశమని చెబుతారు, ప్రతిసారీ జనం ఆ మాటను గౌరవించి తర్వాతి చివరి అవకాశం కోసం ఇంకో స్లాబు వేస్తారు. మెట్ల వెడల్పు, గాలి వెలుతురు, అగ్నిమాపక వాహనం సందులోకి రాగలదా అన్నవి రుసుము కట్టాక వాటంతట అవే సర్దుకుంటాయని నమ్మకం.

అద్దె గదిలో ఉండలేనివారికి సొంత ఇల్లు ఇవ్వాలని కూడా ప్రభుత్వాలు ఆలోచించాయి, ఆ విషయంలో అన్ని పార్టీలదీ పెద్ద మనసే. ఒక ప్రభుత్వం పట్టణ పేదలకు తలా ఒక సెంటు, అనగా 48 గజాల చిల్లర ఇచ్చింది. ఉన్న చోట భూమి లేదు కనుక 2022లో విశాఖ లబ్ధిదారులకు పట్టాల పంపిణీ సభ సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పెట్టారు. గాజువాకలో గేటు పాసు, సబ్బవరం దిక్కున గృహప్రవేశం. పట్టణ పేదలకు ఇళ్ళు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో సముదాయాలలో 300 చదరపు అడుగుల ఫ్లాటును పేదవాడికి రూపాయికే ఇస్తామన్నారు. తర్వాతి ప్రభుత్వం 2025లో రుషికొండ ఐటీ కొండ మీద 21.16 ఎకరాలను టాటా వారి సాఫ్ట్‌వేర్ కంపెనీకి 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించింది. ఆ ధర ఎకరానికా, మొత్తానికా అని తగువులాడేవారున్నారు. ఎకరానికే అనుకున్నా మొత్తం 21 రూపాయలు దాటదు కనుక ఆ తగువు మనకు అనవసరం. గమనించదగ్గది ఏమిటంటే 300 అడుగుల కోసం పేదవాడు పెట్టిన రూపాయి, ఆ 99 పైసల ధర కంటే ఒక పైసా ఎక్కువ. పేదలకు అన్నీ ఉచితమే అని చిరాకుపడే మధ్యతరగతి మిత్రులు ఈ పైసాను దయచేసి దృష్టిలో పెట్టుకోవాలి.

ఉపాధికి వద్దాం. ఈ ప్రాంతం ఉపాధి కోసమే పుట్టింది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని జనం ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఊళ్ళు ఇచ్చినవారిని పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి కాలనీలకు తరలించి కర్మాగారంలో ఉద్యోగానికి అర్హతగా కుటుంబానికొక ఆర్ కార్డు, అంటే పునరావాస కార్డు, ఇచ్చారు. కుటుంబానికొక కార్డు అనగానే ఆ కుటుంబం ఆ రోజు ఎలా ఉందో అలాగే ఆగిపోయింది. భూమి ఇచ్చిన తాత కార్డును కొడుకు పట్టుకుని తిరిగాడు, కొడుకు జుట్టు నెరిసింది, ఇప్పుడు మనవడు దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతున్నాడు. జనగణన 2011లో ఆగిందని మనం ఆశ్చర్యపోతున్నాం గాని, ఆర్ కార్డు అంతకు చాలా ముందే ఆ విద్యలో ఆరితేరింది.

కార్డు లేనివారికి కాంట్రాక్టరు ఉన్నాడు. ఫర్నేసు ముందు నిలబడే మనిషి అక్కడే ఉంటాడు, చేసే పని అదే, చెమట అదే. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు మాత్రం మారతాడు, పాత గేటు పాసు చచ్చి కొత్తది పుడుతుంది, ఒక్కోసారి పీఎఫ్ ఖాతా, ఈఎస్ఐ నెంబరు కూడా కొత్తగా పుడతాయి. పదిహేనేళ్ళు ఒకే చోట పనిచేసినవాడు కాగితం మీద నిరంతరం కొత్త ఉద్యోగి. సీనియారిటీ అనే వృద్ధాప్య రోగం అతనికి అంటనే అంటదు. నిత్యయవ్వనం ప్రసాదించే ఈ ఏర్పాటుకు 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా చట్టంలో కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం, 1970 అని పేరుండేది. నియంత్రణ ఎంత, రద్దు ఎంత అన్నది పాఠకులు ఉదయం ఆరున్నరకు కూర్మన్నపాలెం గేటు దగ్గర నిలబడి స్వయంగా లెక్కపెట్టుకోవచ్చు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ ఉక్కు సంస్థను పూర్తిగా వదిలించుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ కూర్మన్నపాలెంలోనే దీక్షా శిబిరం వెలసి వెయ్యి రోజులు దాటి సాగింది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అమ్మాలన్నవారూ బతికించాలన్నవారూ ఒకరే కావడంతో విమర్శించడానికి వేరే మనిషి దొరకక కార్మిక సంఘాలు ఇబ్బంది పడ్డాయి.

ఇక ఆరోగ్యం. పట్టణ ఆరోగ్య మిషన్ నియమం ప్రకారం యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఏ యాభై వేలు అని అడగడం అమర్యాద. 2011 తర్వాత వచ్చినవాడికి దగ్గు రాదు, వస్తే అది లెక్కలో లేని దగ్గు. ఆ దగ్గు పట్టుకుని అతను మందుల షాపుకు వెళతాడు, తర్వాత ఆర్ఎంపీ దగ్గరకు, తర్వాత అగనంపూడి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి 1923లో ప్రారంభమైన నగరంలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు. శ్రీకాకుళం చిరునామా ఉన్న ఆధార్ చూసి కేసు షీటులో ఆ జిల్లా పేరే రాసుకుంటారు కనుక, ఆ జబ్బు చివరికి శ్రీకాకుళం జిల్లా ఖాతాలో పడుతుంది. ఇక్కడి పొగ పీల్చిన ఊపిరితిత్తులు అక్కడి గణాంకమవుతాయి. గాజువాక ఆరోగ్యంగా ఉండటానికి ఇంతకన్నా పటిష్ఠమైన వ్యవస్థ వైద్యశాస్త్రంలో లేదు.

పొగ మాట వచ్చింది కనుక దాని మార్కులు కూడా చెప్పాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక కట్టింది. 70 దాటితే అతి కలుషిత ప్రాంతం. విశాఖకు 70.82 వచ్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన విద్యార్థిని చూసి బంధువులు నవ్వినట్టు ఆనాడు కొందరు నవ్వారు గాని, ఇక్కడి కష్టం ఊరికే పోలేదు. 1997 సెప్టెంబరులో మల్కాపురం పక్కన రిఫైనరీ పేలుడు, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకు, ఈ రెండూ పుస్తకాల్లోకి ఎక్కాయి, ఎందుకంటే చనిపోయినవారిని ఎలాగూ లెక్కపెట్టక తప్పదు. పీల్చుతూ బతికి ఉన్నవారిని లెక్కపెట్టే పని మాత్రం రామనగర్‌లో నగరపాలక సంస్థ దగ్గర పెట్టిన గాలి యంత్రానికి చాలా ఏళ్ళు అప్పగించారు. గాలి ఫ్యాక్టరీల పక్కనున్న మింది, శ్రీహరిపురం వైపు నల్లబడుతుంది, గంటగంటకూ కొలత మాత్రం ఆ ఏళ్ళంతా నగరం నడుమ రామనగర్‌లో జరిగింది. ఉదయం ఉతికి ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం తీసి దులిపి చూసే ఇల్లాళ్ళ దగ్గర అంతకంటే నమ్మకమైన కొలత ఉంది, కాకపోతే దానికి ప్రభుత్వ సీలు లేదు.

ఇప్పుడు 2027 గణన రానున్నది, ఇంతకాలం కాపాడుకున్న ఈ స్థిరత్వం ఏమవుతుందోనని నాకు నిజంగానే ఆందోళనగా ఉంది. ఆ ఆందోళన ఒక్క నాదే కాదు. పైన చెప్పిన రేకుల గది ఇంటి ఓనరుగారు నన్ను ఆపి, లెక్కల వాళ్ళు వస్తే గదిలో ఎంతమంది అని అడుగుతారట, ముగ్గురని చెబితే ఇంటి పన్నుకు ఎక్కుతుందా, ప్లాను అడుగుతారా అని విచారించారు. జనగణనలో చెప్పినది గోప్యమని, దాన్ని పన్నుకు వాడరాదని చట్టం ఉందని నేను వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "చట్టం ఉంటే ఉంది గానీ బాబూ, రిజిస్టరు పట్టుకుని వచ్చినోళ్ళంతా ఒకలాగే ఉంటారు," అని, కాసేపు ఆలోచించి, "అయినా ఒకడెప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు కదా, ఎప్పుడొచ్చి చూసినా ఇద్దరే కనపడతారు. ఇద్దరని రాయించేస్తాను," అన్నారు.