తేదీ లేని ‘రేపు’

వెబ్ వచ్చాక పౌరసంబంధాల విభాగాలకు పని తగ్గిందని ఒక వ్యాసంలో చదివాను, ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మా విశాఖపట్నంలో ఒకప్పుడు పత్రికా ప్రకటనను టైపు చేయించి సాయంత్రంలోగా విలేకరులకు అందజేస్తే ఆ రోజుకు బాధ్యత తీరేది. మర్నాడు పత్రికలో వచ్చిన ఆ నాలుగు వాక్యాలకు పైన తేదీ ఉండేది, తప్పు దొర్లితే సవరణా వచ్చేది. ఇప్పుడు అదే ప్రకటన ఫొటోగా మారి వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతోంది. మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘రేపు కుళాయి నీరు రాదు’ అన్న నోటీసు చూసి బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్ సైతం నింపుకున్నాం. తెల్లవారేసరికి నీరు యథావిధిగా వచ్చింది, ఎందుకంటే అది నిరుటి నోటీసు, అందులో ‘రేపు’ అని ఉందే గాని తేదీ లేదు. (పంపినాయన ఇప్పటికీ ఏమీ ఎరగనట్టే ఉన్నారు.) ఇలాంటి వాటిని గమనించి, వెంటనే ఖండించి, అడిగినవారికి జవాబివ్వడం కొత్తగా మీద పడిన పని. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడ తీరం దాటినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ మూగబోయాయి. కాబట్టి మైకు కట్టిన ఆటోను అధికారులు అప్పుడే వదులుకోకూడదని నా మనవి.